కొండల ఎత్తులకు కాపలా ఉన్న సుభద్రప్ప

మా అప్ప సుభద్ర పరమపదించిందన్న వార్త కొరాపుట్ నుంచి వచ్చిన వేళ నేను రాయగడలో కొట్టు తలుపులు తీస్తున్నాను. అక్కను అప్ప అనడం మా ఇంటి వాడుక. అంతకుముందు ఆదివారమే ఫోన్లో మాట్లాడింది. జ్వరం తగ్గిందనీ, నీరసం మాత్రం వదలడం లేదనీ చెప్పింది. ఆ నీరసమే ఆమెను తీసుకుపోతుందని ఊహించలేకపోయాను. కర్మకాండ ముగిసినా మనస్సు ఆ వార్తను అంగీకరించడం లేదు. దుఃఖం కంటె ఏదో అలసట నన్ను ఆవరించి ఉంది.

ఆమె వృత్తి ఏమిటో మా బంధువర్గంలో చాలామందికి తెలియదు. భూగోళశాస్త్రం చదివి, తొంభైల చివర కొరాపుట్‌లో పటాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో చేరింది. విమానచోదకుల కోసం కాగితంపై అచ్చయ్యే కనీస ఎత్తుల పటాలను కంప్యూటర్ తెరపై కనిపించే పటాలుగా మార్చడం ఆమె పని. ఆ పటంలో నేలనంతా గళ్ళుగా విభజించి, గడికొక అంకె వేస్తారు. మబ్బులో ఏమీ కనిపించనప్పుడు అక్కడ అంతకంటె కిందికి దిగకూడదని దాని అర్థం. పెద్ద ఏడు, పక్కన చిన్న అయిదు ఉంటే ఏడువేల అయిదు వందల అడుగులు. మార్పిడిలో ఆ చిన్న అంకె జారిపోతే ప్రాణాలకే ముప్పు. అలా జారినవాటిని వెతికి వెతికి ఆమె చూపు క్షీణించింది.

మా నాన్నగారికి ఈ ఉద్యోగం నచ్చలేదు. "ఇమానం ఎక్కనిదానివి, ఎగిరేవోళ్ళ గొడవ నీకేటమ్మీ?" అనేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. రాయగడ వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కనే కూర్చుని, ఘాటీ కొండదారి పొడుగునా నిద్రపోయేది. కొండలు ఎంత బాగున్నాయో చూడమని ఒకసారి లేపాను. "రోజంతా వాటినే సూస్తన్నాను, ఒగ్గీరా" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

పాత కాగితపు పటాన్ని ఉపగ్రహ కొలతల మీద పరిస్తే అన్నీ కొద్దిగా పక్కకు జరుగుతాయట. అలా కల్యాణసింగ్‌పూర్ వైపు ఒక కొండ, గీత దాటి, తక్కువ అంకె ఉన్న పక్క గడిలోకి వచ్చి పడింది. కొండ నిజంగా ఏ గడిదో తేలక అప్ప రెండు గళ్ళలోనూ ఎక్కువ అంకే వేసింది. ఆ పటం వాడే ఒక హెలికాప్టర్ చోదకుడు ఫోన్ చేసి, వానాకాలంలో ఆ ఎత్తున ఎగిరితే లోయ కనిపించదనీ, ఇక అక్కడ దిగడం కుదరదనీ మర్యాదగానే మొరపెట్టుకున్నాడు. "కొండకి గీత తెలీదు బాబూ" అని ఆమె సమాధానం చెప్పింది.

ఆ ఏడు శ్రావణంలో కల్యాణసింగ్‌పూర్ దగ్గర కట్టడం పనిలో ఒక తాపీమేస్త్రీ పైనుంచి పడ్డాడు. పార్వతీపురం వైపు మనిషి. అతన్ని తీసుకుపోవడానికి హెలికాప్టర్ వచ్చింది. అంకె చూపిన ఎత్తు దాకా దిగినా మబ్బు వీడలేదు. వెనుదిరిగింది. గండిపడిన రోడ్డు మీద జీపులో రాయగడ చేరేసరికి ఆలస్యమై, కాలు తీసేశారు.

సంగతి తెలిసి అప్ప నన్ను వెంటబెట్టుకుని అతన్ని చూడడానికి వెళ్ళింది. తానెవరో ఏమిటో చెప్పి, ఆ అంకె తానే వేశానని చెప్పింది. మేస్త్రీ కోపగించలేదు, క్షమించాననీ అనలేదు. "సప్పుడు ఇన్నానమ్మా. నెత్తిమీదకొచ్చీసింది. మరెళ్ళిపోయింది" అన్నాడు. అతని భార్య మాకు టీ ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో అప్ప నిద్రపోలేదు.

ఆ తరువాత రెండు వానాకాలాలు, ఎవరూ అడగకుండానే, ఆ పక్క గడిని ఒక్కదాన్నే చిన్న చిన్న ముక్కలుగా విడదీసి మళ్ళీ కొలిచింది. లోయ మీది ముక్కలో అంకె తగ్గించవచ్చునని తేలింది. అంటే ఆనాడు హెలికాప్టర్ దిగగలిగేదేమో. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో తడి కూడా లేదు. "అప్పుడు నాకు తెలిసినదాన్ని బట్టి మళ్ళీ ఏయమన్నా అదే అంకె ఏస్తానురా. అలాగని నిద్దర పడతాదేటి?"

ఆ కొలతలను, తమకు ఈ మార్పిడి పని అప్పగించే పై సంస్థకు పంపింది. పని ప్రశంసనీయమే గాని అధికారిక పటంలో గళ్ళు విడదీసే హక్కు తమకు లేదని వారు జవాబిచ్చారు. మళ్ళీ రాసింది. అదే జవాబు. "అలిసిపోయేనురా" అంది నాతో. అయినా మరుసటి ఏడు మళ్ళీ పంపింది.

మొన్న పన్నెండో రోజున, నా దగ్గరున్న ఆమె ఫోన్ మోగింది. పై సంస్థ నుంచి ఒక యువకుడు మేడం ఉన్నారా అని అడిగాడు. కొత్త పటం తయారవుతోందట. ఈసారి ఆ గడిని విడదీయడానికి అనుమతి దొరికిందనీ, మేడం ఒకసారి సరిచూస్తే వేసేస్తామనీ సంతోషంగా చెప్పాడు. ఆమె లేదని చెప్పాను. అయ్యో అన్నాడతను. తరువాత మెల్లగా, మరి ఎవరికి పంపమంటారని అడిగాడు.

బియ్యం బస్తాల మధ్య బతికే నేను ఏం చెప్పగలను? ఆ కొండల నడుమ మబ్బులో దారి వెతుక్కునే వారందరి తరఫున, వారికి పేరైనా తెలియని మా అప్పకు చేతులు జోడిస్తున్నాను. ఆ యువకుడికి మాత్రం నేనింకా జవాబు చెప్పలేదు.