తలుపున్న గది

ఆ మానసిక ఆరోగ్య కేంద్రంలో పద్దెనిమిదేళ్లుగా కౌన్సెలర్‌గా చేస్తున్న ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, కుంగిపోయి వచ్చినవాళ్ల ముందు ఏనాడూ గొంతు పెంచి ఎరగదు.

గుణమిస్తుందని పరిశోధనల్లో రుజువైన కొత్త చికిత్స పద్ధతి వస్తోందంటే అందరికన్నా ముందు సంబరపడింది అక్కే. వారానికో గంట, తలుపు వేసిన గదిలో, మనిషితో ఏకాంతంగా మాట్లాడాలని ఆ పద్ధతి నేర్పే పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. రోగులతో మాట్లాడటానికి అక్కడ తలుపున్న గది ఒక్కటే. అందులో నేల నుంచి కిటికీ దాకా ఆ పుస్తకాల అట్టపెట్టెలే!

నాలుగు నెలలుగా అక్క వరండాలో బెంచీ మీదే నెట్టుకొస్తోంది. నిన్న బట్టలు కుట్టే ఒకావిడ నోరు విప్పబోయి, పక్కనే మందుల కోసం వరసలో నిలబడ్డవాళ్లను చూసి, "తలనొప్పేనండీ" అని లేచి వెళ్లిపోయింది.

ఇవాళ డైరెక్టర్ ఒక ఫారం పట్టుకొచ్చాడు.

"కొత్త పద్ధతికి మనం సిద్ధమేనా అని పైవాళ్లు అడిగారు. విడిగా గది ఉందని టిక్కు పెట్టేయండక్కా."

"పెట్టెలు తీయించమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను సార్?"

"శిక్షణ అయ్యేదాకా పుస్తకాలు భద్రంగా ఉండాలి కదా. ఇంకెక్కడ పెట్టమంటారు?"

ఆయన భోజనానికి వెళ్లొచ్చేసరికి పెట్టెలన్నీ ఆయన గదిలోకి చేరాయి. కుర్చీ దాకా వెళ్లే దారి కూడా లేదు. మండిపడుతూ వరండా బెంచీ మీద కూలబడి, పై అధికారికి ఫోన్ చేసి అక్క మీద చెప్పబోయాడు. మందుల వరస మొత్తం చెవులు రిక్కించి తననే చూస్తోంది. ఫోన్ పెట్టేశాడు.

"తలనొప్పా సార్?" అంది అక్క.