కూలర్లోకి పోయిన మా చేపల నీళ్ళు

మా చిన్నప్పుడు... కార్ఖానా బస్తీలో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో ఒక సిమెంటు తొట్టి ఉండేది. బట్టలు ఉతుక్కోవడానికి కట్టించింది. మేం అందులో బంగారు చేపలు పెంచేవాళ్ళం.

బోయిగూడలో ఉండే మా మేనత్త ఇచ్చింది వాటిని. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని, నాన్న స్కూటర్ వెనక కూర్చుని తెచ్చుకున్నాను. ఈ ఎండలకి ఆరుబయట అవి బతకవు అన్నారు అందరూ. మా నాయనమ్మ మాత్రం బతుకుతాయంది. బందరు మనిషి... చేపల సంగతి ఆవిడకి ఒకరు చెప్పాలా?

కుళాయి నీళ్ళు నేరుగా తొట్టిలో పోయనిచ్చేది కాదు. గంగాళంలో పట్టి, బ్లీచింగ్ వాసన పోయేదాకా ఒక రోజంతా ఉంచి, అప్పుడు చెంబుతో కొంచెం కొంచెంగా పోసేది. గోనెపట్టా తడిపి తొట్టి సగానికి కప్పేది. మేత పొద్దున్నే, అదీ చిటికెడు. ఎండ ముదిరాక అడుగున చిన్న కన్నం పెట్టిన కుండని తొట్టి మీద వేలాడదీసేది. చుక్కలు పడుతుంటే నీళ్ళలో గాలి కలుస్తుందని, నీళ్ళు వేడెక్కితే చేపకి ఊపిరాడదని చెప్పేది.

ఆ కుండని చూసి, పక్క వాటాలోనే ఉండే మా ఇంటి ఓనరు యాదగిరి అంకుల్ నవ్వేవాడు. ముక్కులో నస్యం ఎక్కించుకుంటూ, "ఏంది పెద్దమ్మా, చర్చికి పోయేటోళ్ళు గిట్ల శివునికి కట్టినట్టు కట్టిర్రు?" అనేవాడు.

"చేపకి చల్లగా ఉంటే చాలు బాబూ. ఎవరి పద్ధతైతే ఏంటి," అనేది నాయనమ్మ.

అలా రెండు వేసవులు గట్టెక్కాయి. చేపలు నా అరచెయ్యంత అయ్యాయి. వాటిలో తోక కాస్త చిరిగినదానికి రాణి అని పేరు పెట్టుకున్నాను. తొట్టి అంచు మీద వేలితో తడితే ముందుగా వచ్చేది అదే. బడి నుంచి రాగానే సంచీ పారేసి దాని దగ్గరికే పరిగెత్తేదాన్ని.

మూడో వేసవిలో అంకుల్ కొత్తగా కూలర్ కొన్నాడు... వట్టివేళ్ళ తడికెలున్న పెద్ద కూలర్. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. ఆ కూలర్‌కి ఎన్ని పోసినా చాలేవి కావు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక అత్త ఇంట్లో భోంచేసి, మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాం. తొట్టి మీద గోనెపట్టా లేదు. అది తడిసి అంకుల్ కూలర్ నెత్తి మీద ఉంది. తొట్టిలో బెత్తెడు నీళ్ళు మిగిలాయి. చెయ్యి పెడితే కాలింది. చేపలన్నీ పక్కకి ఒరిగి తేలుతున్నాయి. రాణి ఒక్కటే ఇంకా నోరు ఆడిస్తోంది.

ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో వేస్తే తట్టుకోలేదని, నాయనమ్మ దాన్ని బకెట్లోకి తీసి గంగాళం నీళ్ళు కాసిని కాసిని కలిపింది. నేను విసనకర్రతో బకెట్ మీద విసురుతూ కూర్చున్నాను. దీపాలు పెట్టేవేళకి అదీ పోయింది.

అంకుల్ గుమ్మంలోంచే చూశాడు. "అరె, పరేషాన్ గాకుర్రి పెద్దమ్మా. జెరన్ని నీళ్ళు తీస్కున్న, గంతే. చేపలే గద, మార్కెట్ల మస్తు దొరుకుతయ్."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

"పగ దేవుడికి వదిలెయ్యాలి అత్తయ్యా," అంది అమ్మ.

"వదిలేశాన్లే. ఆయనకి బోలెడు పనులు, మనం కాస్త సాయం చేద్దాం," అంది నాయనమ్మ.

చేపలు లేకపోయినా ఆవిడ తొట్టి నింపుతూనే ఉంది. అంకుల్ అడక్కుండా ముంచుకుపోతూనే ఉన్నాడు. ఇంతలో వాళ్ళ కొత్తల్లుడు వస్తున్నాడని తెలిసింది. ముందు రోజు సాయంత్రం నాయనమ్మ బందరు నుంచి వచ్చిన ఎండు రొయ్యలూ ఎండు చేపలూ అన్నీ ముందేసుకుని కడిగింది. ఆ కడుగునీళ్ళు నేను మోశాను. చిక్కగా, నురగతో... అన్నీ మా తొట్టిలోకే.

"మన తొట్టి, మన నీళ్ళు. పట్టుకుపొమ్మని ఎవరికీ చెప్పలేదుగా," అంది నాయనమ్మ.

నస్యం పీల్చి పీల్చి అంకుల్ ముక్కుకి వాసనలే తెలిసేవి కావు. పొద్దున్నే బకెట్లు బకెట్లు తీసుకెళ్ళి కూలర్ నింపాడు. అల్లుడు భోజనానికి కూర్చోగానే స్విచ్ వేశాడు.

గోడ ఇవతల మేం చెవులు రిక్కించి కూర్చున్నాం. ముందు పిల్లలు అరిచారు. తర్వాత కిటికీలు తెరిచిన చప్పుడు... ఆపైన అల్లుడు వాంతి చేసుకుంటున్న చప్పుడు. సాయంత్రం బండికే ఆయన వెళ్ళిపోయాడు. వట్టివేళ్ళకి పట్టిన కంపు ఎన్ని నీళ్ళు మార్చినా పోలేదు. ఆ వేసవంతా వాళ్ళు డాబా మీద చెమటలు కక్కుతూ పడుకున్నారు. మాకు మాత్రం హాయిగా నిద్ర పట్టింది.

ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. పెరడూ లేదు, తొట్టీ లేదు. చేపలు గాజు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. కరెంటు పోయి చచ్చిపోతే ఎవరి మీద పగ తీర్చుకోవాలో కూడా తెలియదు. మా రోజుల్లో పగ కూడా పక్కింట్లోనే ఉండేది...

మొన్నామధ్య అల్వాల్‌లో ఒక పెళ్ళిలో అంకుల్ కనిపించాడు. బాగా ముసలాడైపోయాడు. "గా ఎండకాలం మా కూలర్ల అంత గబ్బు ఎట్లొచ్చిందో ఇప్పటికీ సమజ్ కాలే బిడ్డా. అల్లుడు సుత పారిపోయిండు," అన్నాడు నవ్వుతూ.

చెప్పేద్దామనే అనుకున్నాను. నాయనమ్మ ఎటూ లేదు, ఆయనకీ వయసైపోయింది. అంతలో ఆయనే అడిగాడు. "అవును గానీ, మీకు చేపలుండె గద... ఏమైనయ్ అవి?"

"ఏమో అంకుల్, గుర్తు లేదు," అన్నాను. ఇక ఆయనకి ఎప్పటికీ చెప్పను.

మీ ఇంటి పెరట్లో ఎవరేం పాడుచేశారో రాయండి... మీరు ఊరికే వదిలేశారో లేదో కూడా.