దేశం కాని దేశంలో వేరు పొయ్యి

ఇల్లు కొనేవాళ్ళు గోడలు తట్టి చూస్తారు, నీళ్ళు ఎలా వస్తాయని అడుగుతారు. జార్జియా దేశంలో, టిబిలిసి ఊళ్ళో అమ్మకానికున్న ఆ చిన్న ఫ్లాటును ఫోన్‌లో చూసినప్పుడు నేను వంటిల్లు ఒక్కటే చూశాను. ఒక మనిషి నిలబడితే రెండో మనిషి పట్టని వంటిల్లు. అక్కడ మెడిసిన్ చదువుతున్న మా అమ్మాయి ఫోన్ పట్టుకుని గదులన్నీ తిప్పి చూపిస్తోంది. నేను మాత్రం మళ్ళీ వంటింట్లోకి పొమ్మంటున్నాను. కిటికీ బయట ఎవరిదో ద్రాక్ష తీగ, దాని వెనక పలచటి మంచులో ఒక కొండ. మదనపల్లెలో మా మిద్దె మీద తడిబట్టలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాను. ఎండ మాడుస్తోంది. అయినా ఆ కిటికీలోంచి నా మొహానికి చల్లగాలి తగిలినట్టే అనిపించింది.

మాది ఉమ్మడి కుటుంబం. ముగ్గురు అన్నదమ్ములు. మా ఆయనా, ఆయన అన్నా మదనపల్లెలో టమోటా మండీ చూసుకుంటారు, మూడో ఆయన కుప్పంలో అంగడి నడుపుతాడు. మా ఇంటిని చూసి ఊరంతా మురిసిపోతుంది. మురిసేవాళ్ళెవరూ మా వంటింట్లో నిలబడరు కదా. కాపురానికి వచ్చినప్పటినుంచి, కాఫీ తాగాలనిపించినా ఆ పూట వంతు ఎవరిదో చూసుకుని అడుగుపెట్టాలి. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. వచ్చిన చిక్కే అది. చెడ్డవాళ్ళయితే ఎప్పుడో పోట్లాడి బయటపడేదాన్ని. నాకు కావలసింది ఒక్క పొయ్యి. నా చేత్తో వెలిగించి, నా ఇష్టం వచ్చినప్పుడు ఆర్పుకునేది.

మా వైపు వేరు పొయ్యి పెట్టడమంటే ఇల్లు చీలిపోయినట్టే. రెండు వీధుల అవతల అద్దెకు దిగితే, సామాను దించకముందే విడిపోయారంట అని పాలవాడికి కూడా తెలిసిపోతుంది. అదే సముద్రాలు దాటి కొంటే, ఫారిన్‌లో ఇల్లు కొన్నారంట అని గొప్పగా చెప్పుకుంటారు. ఈ ఉపాయం ఒక మధ్యాహ్నం పప్పు ఎనుపుతుండగా నాకు తట్టింది. పిల్లకు హాస్టల్ తిండి పడటం లేదన్న మాట ఎలాగూ నిజమే. ఏడాదిలో కొన్ని నెలలు నేను వెళ్ళి వండిపెడతానని మా ఆయనతో అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, మా అత్తను అడగమన్నాడు. ఆయనకు ఎంత అర్థమైందో ఇప్పటికీ నాకు తెలియదు.

అత్త అప్పుడు కుప్పంలో ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయలుదేరాను. పుంగనూరు నా పుట్టినూరు. ఊరు దాటాక రోడ్డు పక్కనే మా అమ్మ నాకు రాసిచ్చిన మామిడితోట కనిపిస్తుంది. దాన్ని అమ్మే ఆ ఫ్లాటు కొనాలి. చెట్లు వరసగా వెనక్కి వెళ్ళిపోతుంటే ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. కళ్ళు మూసుకుంటే ఆ వంటిల్లే. పలమనేరు వచ్చేసరికి నేను అందులో పోపుల డబ్బా ఎక్కడ పెట్టాలో తేల్చుకున్నాను. కుప్పం చేరేలోపు కిటికీకి పరదా కూడా కట్టేశాను. పక్కసీటులో ఆవిడ ఎందుకమ్మా నవ్వుకుంటున్నావని అడిగింది.

అత్త అంతా విని, పాప యాడ పడుకుంటుంది, నీళ్ళు బాగుంటాయా అని మాత్రం అడిగింది. తర్వాత వలుస్తున్న చిక్కుడుకాయల చాట పక్కకు జరిపింది.

"ఈడ పక్కవీధిలో ఇల్లు తీసుకుంటే వేరు పడినట్లమ్మా. ఆడెక్కడో కొంటే అది మనందరి ఇల్లే గదా. కొనుక్కోండి పో" అంది.

ఆమె నమ్మినందుకు నాకు సంతోషంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది.

తోట అమ్మి మా ఆయనా నేనూ టిబిలిసి వెళ్ళాం. అక్కడి రిజిస్ట్రేషన్ ఆఫీసు అంతా అద్దాలే. నా పాస్‌పోర్టును వాళ్ళ భాషలోకి మార్పించి తెచ్చింది మా అమ్మాయి. ఆ అక్షరాలు గుండ్రంగా, మన అక్షరాలకు దూరపు చుట్టాల్లా ఉన్నాయి. వాటిలో నా పేరు ఎక్కడుందో వెతుక్కున్నాను, దొరకలేదు. దుబాసీ అమ్మాయి ఇంగ్లీషులో చదివి వినిపించింది. విదేశీయులు ఫ్లాటు కొనుక్కోవచ్చు, సేద్యం భూమి మాత్రం కొనకూడదు. మా ఆయన ఆ రెండో మాట దగ్గరే ఆగిపోయాడు. సంతలో అక్కడి టమోటాలు నొక్కి చూసినప్పటినుంచి ఆయన మనసు పొలాల మీదే ఉంది మరి. అలిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని సంతకం పెట్టాను. ఇల్లు ఎవరి పేరు మీద అని వాళ్ళు అడిగితే, నా పేరు మీద అని చెప్పాను. ఆ మాట నా నోటితోనే అన్నానా అని నాకే వింతగా తోచింది.

తూర్పు ఎటో ఫోన్‌లో చూసుకుని పాలు పొంగించాం. అక్కడ గ్యాసు లేదు, నల్లటి అద్దం లాంటి కరెంటు పొయ్యి. పాలు పొంగి అద్దం మీద పడగానే అది కీచుమని అరిచి ఆరిపోయింది. అపశకునమేమో అన్నాను. తడి తగిలితే దాని స్వభావమే అంతమ్మా అని మా అమ్మాయి నవ్వింది. తుడిచి మళ్ళీ వెలిగించాను. నా పొయ్యి.

మా ఆయన వారానికే మండీ బెంగతో మదనపల్లెకు తిరిగొచ్చేశాడు. తల్లీకూతుళ్ళం మిగిలాం. మొదట్లో అలవాటు ప్రకారం చెయ్యి ఇంటిల్లిపాదికీ సరిపడా బియ్యం పోసేసేది. మిగిలిన అన్నం తాలింపు పెట్టి పక్కింటి ముసలామెకు ఇస్తే, ఆమె గిన్నె నిండా ద్రాక్షపళ్ళు పెట్టి తిప్పి పంపేది. చలి ముదిరేసరికి ఆమెకు ఇవ్వడానికి అన్నం మిగలడం మానేసింది. ఆ చలికాలం నాకు నిజంగా జరిగిందో కలగన్నానో చెప్పలేను. కిటికీ మీద ఆవిరి పడితే వేలితో తుడిచి కొండ చూసేదాన్ని. పొద్దున పదింటికి కాఫీ, మళ్ళీ బుద్ధి పుడితే పదకొండింటికి కాఫీ. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఎవరితోనూ పోట్లాడకుండానే గెలిచానని అనుకున్నాను.

ఎండలు ముదిరాక మదనపల్లె వచ్చాను. ఇల్లంతా చుట్టూ చేరి మంచు గురించి, ధరల గురించి అడిగారు. అత్త, చిన్న తోడికోడలు కుప్పం నుంచి వచ్చి ఉన్నారు. మర్నాడు రాత్రి వంతు నాది. పాట పాడుకుంటూ వండాను. మగవాళ్ళు, పిల్లలు తిని లేచారు. ఆడవాళ్ళం కూర్చున్నాం. అత్తకు వడ్డిస్తుంటే గరిటె అడుగుకు గీసుకుంది. మా తోడికోడళ్ళిద్దరూ ఖాళీ గిన్నె వంక చూశారు. ఈ ఇంట్లో నా వంతున అన్నం చాలకపోవడం ఎప్పుడూ లేదు.

ప్రయాణం అలసట అని పెద్ద తోడికోడలు నా తరఫున చెప్పబోయింది. అత్త చెయ్యెత్తి ఆపింది. ఆమె చూపు నా కుడిచేతి మీదే ఉంది.

"అలుపు కాదులే. వేరు పడొచ్చిండావు గదమ్మా" అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. అన్ని దేశాలు దాటి, అంత చాటుగా పన్నిన నా ఉపాయమంతా ఆ ఖాళీ గిన్నెలో కనిపిస్తూనే ఉంది. ఏదో ఒకటి చెప్పి నవ్వేయొచ్చు, అలాంటివి ఈ ఇంట్లో నాకు బాగా వచ్చు.

"అవునత్తా" అన్నాను.

ఆమె తల ఊపింది. నేను లేచి బియ్యం కడిగి మళ్ళీ ఎసట్లో పోశాను. వాళ్ళు ముగ్గురూ ఆకలితో అన్నం ఉడికేదాకా కూర్చున్నారు.