మామ కింద రాసిన గోల్స్

మొన్న స్కూటర్ వెనక చక్రం పంక్చరైతే, శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు క్యాబులు కిరాయి కోసం ఆగి ఉండే చోట, రోడ్డు పక్క పంక్చర్ దుకాణం ముందు ఒక స్టూలు మీద అరగంట కూర్చోవలసి వచ్చింది. పక్కనే చాయ్ బండి దగ్గర నలుగురు కుర్ర డ్రైవర్లు ఫోన్లో ఫుట్‌బాల్ చూస్తూ, ఏదో విదేశీ జట్టు మేనేజరును ఉంచాలా పీకెయ్యాలా అని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఆ జట్టు పేరు గానీ, ఆ మేనేజరు పేరు గానీ నాకు నోరు తిరగదు. "పక్క ఊరోళ్ల మీద ఒక్క మ్యాచంటే ఒక్క మ్యాచ్ గెల్వలే అన్నా, ఇగ ఎందుకు వాడు?" అని ఒకతను అన్నాడు. ఇంకొకతను ఫోన్లో వెతికి, ఎన్ని మ్యాచులు ఆడారో, ఎన్ని ఓడారో, ఏ ఏడు ఎన్ని గోల్స్ పడ్డాయో గట్టిగా, వరసగా చదవడం మొదలుపెట్టాడు. చక్రం బిగించడం అయిపోయి ఆ దుకాణం అతను నన్ను రెండుసార్లు పిలిచాడట, నాకు వినిపించనే లేదు. నలభై ఏళ్ల కింద ఒక హోటల్లో నిలబడి, నేనూ అచ్చం అలాగే వరసగా చదివాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన చుట్టుపక్కల పల్లెల్లోకి క్రికెట్ ఇంకా ఇంతగా చొచ్చుకురాని రోజుల్లో ఫుట్‌బాల్ అంటే ఊరికి ఊరే కదిలేది. బూట్లు లేవు, గోలుకు వల లేదు, రెండు వాసాలు పాతితే అదే గోలు. ఊరి వెనక సాగు లేక పడావు పడ్డ చెలకే మా గ్రౌండు. మా జట్టుకు కోచ్ మా మేనమామ. అమ్మకు ఒక్కడే తమ్ముడు, అమ్మ పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊళ్లో కావడంతో ఆయన చేతుల మీదుగానే పెరిగాను. కాటేదాన్‌లో ఒక చిన్న కార్ఖానాలో ఫిట్టరుగా చేసేవాడు. పొద్దున్నే సైకిలెక్కి పోయి, సాయంత్రం ఇంటికి కూడా పోకుండా నూనె మరకల బట్టలతోనే నేరుగా గ్రౌండుకు వచ్చేవాడు. మెడలో ఈల, జేబులో బంతికి గాలి కొట్టే పంపు, నోట్లో వక్కపొడి. ఊరంతా ఆయన్ను కోచ్ సాబ్ అనేది. ఆ పిలుపు వినబడితే ఆయన నడకే మారిపోయేది, కార్ఖానాలో ఆయన్ను ఎవరూ సాబ్ అనరు మరి.

ఏడాదికొకసారి, వానకాలం పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం, పక్క ఊరు జల్‌పల్లి జట్టుతో మ్యాచ్ ఉండేది. మిగతా ఏడాదంతా ఎన్ని గెలిచినా ఆ ఒక్కటీ ఓడితే ఆ ఏడు మాకు చెడిపోయినట్టే. సంతకు పోయినా, మిల్లుకు పోయినా, జల్‌పల్లి వాడెవడైనా ఎదురైతే చాలు, పలకరింపుకు ముందు నవ్వే కనిపించేది.

మ్యాచ్ అయ్యాక మామ సైకిల్‌కు స్టాండు వేసి, క్యారియర్ మీద నోటుబుక్కు పెట్టి, నేను జట్టులో చేరకముందే, బళ్లో చదివే రోజుల నుంచే నాచేత రాయించేవాడు. తర్వాత జట్టులోనూ ఇంటర్ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే, పైగా నా దస్తూరి బాగుంటుందని ఆయనకు మహా గర్వం. రాయడానికి ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. మనం వేసిన గోలుకు వేసినవాడి పేరు రాయాలి, బంతి అందించినవాడి పేరూ రాయాలి. మన మీద పడ్డ గోలుకు మాత్రం ఎవరి పేరూ రాయకూడదు. అక్కడ ప్రతిసారీ ఒకటే మాట, 'కోచ్ తప్పు'. గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారినా కోచ్ తప్పే, ఎవడో కాలు జారి పడ్డా కోచ్ తప్పే. మొదటిసారి నేను కలం ఆపి ఆయన ముఖంలోకి చూస్తే నవ్వాడు. "రాయి అల్లుడా. పిలగాండ్ల పేర్లు రాస్తే రేపు సగం మంది గ్రౌండుకు రారు. నా పేరు రాస్తే నేనైతే వస్త గద!" అన్నాడు. ఆ పుస్తకం మామకూ నాకూ తప్ప ఇంకెవరికీ పట్టేది కాదు. ఆ పద్ధతి సంగతి కూడా ఇంకెవరికీ తెలియదు.

ఇక నా ఆట గురించి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నేను బాగా పరుగెత్తేవాణ్ణి. బంతి ఎటు పోతే అటు, ఊపిరాడకుండా, గ్రౌండు ఈ కొస నుంచి ఆ కొసకు. చూసేవాళ్లకు అది పెద్ద కష్టం చేస్తున్నట్టు కనిపించేది, 'పిలగాడు పాణం పెట్టి ఆడతడు' అని నాకు పేరు కూడా వచ్చింది. జల్‌పల్లి జట్టులో పొడుగాటి ఎడమకాలి ఆటగాడొకడుండేవాడు. కార్నర్ పడి, మూల నుంచి బంతిని గోలు ముందుకు కొట్టేటప్పుడు అందరూ బంతి వైపు చూస్తుంటే వాడు నెమ్మదిగా వెనక వాసం దగ్గరకు చేరేవాడు. మామకు ప్రతి ఒక్కణ్ణీ భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయి, వాడికొక్కడికే వినిపించేలా పని చెప్పే అలవాటు. నాకు చెప్పిన పని ఒకటే, ఆ పొడుగాటివాణ్ణి వదలకూడదు, బంతి వైపు చూడనే చూడకూడదు. నేను జట్టులోకి వచ్చిన మొదటి ఏడు కార్నర్ రాగానే నేను బంతి వెంట పరుగెత్తాను, వాడు ఖాళీగా నిలబడి గోలు వేశాడు. ఆ ఒక్క గోలుతోనే ఓడాం. రెండో ఏడూ అంతే, మూడో ఏడూ అంతే. మూడుసార్లూ గట్టు మీది జనం, వెనక మనిషిని పెట్టాలన్న బుద్ధి లేదా కోచ్‌కు అని తిట్టారు. మూడుసార్లూ మామ నన్నేమీ అనలేదు, నేను 'కోచ్ తప్పు' అని గుండ్రంగా రాశాను.

అప్పటికి ఏడేళ్లలో జల్‌పల్లి మీద మా లెక్క అయిదు ఓటములు, రెండు సమానాలు, గెలుపు సున్నా. ఇక ఊరి మొదట్లో ఉన్న హోటల్లో పొద్దున చాయ్ దగ్గర మొదలైన చర్చ సాయంత్రం చాయ్ దాకా తెగేది కాదు. కోచ్ సాబ్‌ను ఉంచాలా, మార్చాలా? ఉంచాలనేవాళ్లలో పాపం మాటకారి ఒక్కడూ లేడు. మార్చాలనేవాళ్లకు మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, పెద్ద దిక్కు. ఆయనకు ఫుట్‌బాల్ మీద ప్రేమ ఎక్కువ, ఓపిక తక్కువ, గొంతు చాలా ఎక్కువ. అంతకు ముందే మామ తన బిడ్డను జల్‌పల్లిలో ఇచ్చాడు. ఒకరోజు చిన్నాయన నవ్వులాటకు, "పిల్లనిచ్చిన ఊరి మీద గెలుస్తడా? గెలిస్తే వియ్యంకుడు ఊకుంటడా?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నవ్వులాటగా పుట్టిన ఆ మాట వారం తిరిగేసరికి నిజమై కూర్చుంది. నిజానికి ఎవరూ వేలెత్తి చూపకూడదని మ్యాచ్‌కు నెల ముందునుంచే మామ బిడ్డ ఇంటి గడప తొక్కడం మానేసేవాడని, పండగకు కూడా పోకుండా కబురు పంపి సరిపెట్టేవాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. హోటల్లో ఆ మాటంటుంటే నేను అక్కడే ఉన్నాను, నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

వరసగా ఆ మూడో ఓటమి తర్వాతి ఆదివారం హోటల్లో అందరూ కూర్చుని ఏదో ఒకటి తేల్చాలనుకున్నారు. మామను కూడా పిలిచారు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, ఈల మెడలోనే పెట్టుకుని వచ్చి ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. వాదనలో ఎవరో, ఈ ఏడేళ్లలో ఎన్ని గోల్స్ పడ్డాయో ఎవరికి గుర్తుంది అన్నారు. మామకు పుస్తకం ఉందని నేనే నోరు జారాను. జారానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను గానీ, పెద్దవాళ్లంతా నా వైపు చూడాలని అన్నానేమో కూడా. వెంటనే తెమ్మన్నారు. పరుగున పోయి తెచ్చాను. నిలబడి చదవమన్నారు, నిలబడి చదివాను.

మొదటి ఏడాది రెండు గోల్స్, కోచ్ తప్పు, కోచ్ తప్పు. రెండో ఏడాది ఒకటి, కోచ్ తప్పు. అలా నాలుగైదు చదివేసరికి హోటల్లో తలలన్నీ మామ వైపు తిరిగాయి. నేనేం చదువుతున్నానో, అది ఏ రకంగా వినబడుతుందో నాకప్పుడు తట్టింది. తట్టాక కూడా ఆపలేదు. చివరి మూడూ చదివేటప్పుడు గొంతు కొంచెం తగ్గింది, అంతే.

"విన్నరా? ఇగ మనం మాట్లాడేదేముంది, సొంత మేనల్లుడే రాసి పెట్టిండు" అన్నాడు చిన్నాయన. ఉంచాలనేవాళ్లలో ఒక ముసలాయన మాత్రం నావైపు తిరిగి, "నువ్వు జెప్పు బిడ్డా, గిది నిజమేనా?" అని అడిగాడు. మామ తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. కార్నర్ పడేముందు నేను నా చోట ఉన్నానో లేదో అని చూసే చూపు. ఈ పద్ధతి ఆయనదని, పిల్లల మీద మాట పడకూడదని ఆయన రాయించాడని, చివరి మూడు గోల్స్ నావని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అది చెబితే పాణం పెట్టి ఆడతాడన్న నా పేరు పోయేది. పంతొమ్మిదేళ్లవాడికి అంతకంటే వేరే ఆస్తి ఉండదు. నిజమే అన్నాను.

"అవును, పిలగాడు రాసింది నిజమే" అన్నాడు మామ. లేచి, మెడలోంచి ఈల తీసి, జేబులోంచి పంపు తీసి బల్ల మీద పెట్టాడు. సైకిల్ తీసుకుని, ఎందుకో ఎక్కకుండా, దాన్ని నడిపించుకుంటూ ఇంటికి పోయాడు. తమ్ముడికి అవమానం చేశాడని అమ్మ చిన్నాయనతో ఏడాది మాట్లాడలేదు. నేను ఆమెకూ నిజం చెప్పలేదు. అన్నం పెడుతూ ఆమె చిన్నాయనను తిడుతుంటే తలవంచుకుని తిన్నాను.

కొత్త కోచ్‌గా పట్నం జట్లలో ఆడి వచ్చిన ఒకతన్ని పెట్టారు. అతను నా ఆట మూడు రోజులు చూసి, నాలుగో రోజు అందరి ముందూ, "నువ్వు మనిషిని వదిలి బంతి ఎనక పోతవ్, కూసో" అన్నాడు. మూడేళ్లు మామ దాచింది అతను ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఆ ఏడు జల్‌పల్లి మీద మేం ఒక్క గోలుతో గెలిచాం. అవును, గెలిచాం, ఏడేళ్ల తర్వాత మొదటిసారి, నేను గట్టు మీద నీళ్ల బిందె దగ్గర కూర్చుని ఉండగా. ఊరు ఊరంతా డప్పులు కొట్టి ఊరేగింది. ఆ పొడుగాటివాణ్ణి కొత్త కుర్రాడొకడు ఒక్క క్షణం వదలలేదు. పని అంత సులువైనదని అప్పుడు చూశాను.

మర్నాడు అమ్మ గిన్నెలో కూర పోసి మామకు ఇచ్చి రమ్మంది. ముఖం చెల్లక దారంతా కాళ్లీడ్చుకుంటూ పోయాను. ఆయన వాకిట్లో సైకిల్ గొలుసుకు నూనె పోస్తున్నాడు. గెలిచిన సంగతి తెలుసు, డప్పులు ఆయన వాకిలి ముందు నుంచే పోయాయి. గోలు ఎవరు వేశారని అడగలేదు, కొత్త కోచ్ ఎట్లా ఉన్నాడని అడగలేదు.

"నిన్ను ఎంతసేపు ఆడిచ్చిండ్రు అల్లుడా?" అన్నాడు.

ఆడించలేదన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. హోటల్లో ఈల తీసి పెట్టినప్పుడు కూడా అంత వాడిపోలేదు. "అయ్యో, ఒక్క పది నిమిషాలన్న ఆడిస్తే ఏంబోతుండె వాళ్లకు?" అని నూనె చేతులు తుడుచుకోవడం కూడా మరిచి అట్లాగే కూర్చుండిపోయాడు. గిన్నె గడప మీద పెట్టి వచ్చేశాను. నా జన్మలో అంతగా సిగ్గుపడింది ఆ రోజే. మామ నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండు అని ఇంటి దాకా ఏడుస్తూ నడిచాను.

తర్వాత కాటేదాన్‌లో తన కార్ఖానాలోనే స్టోరు పనికి నన్ను పెట్టించింది కూడా ఆయనే. పదిహేనేళ్లు ఒకే దారిన పోయి వచ్చాం, సైకిళ్ల మీద కొన్నాళ్లు, బస్సులో కొన్నాళ్లు. పంటల గురించీ, పెళ్లిళ్ల గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకున్నాం. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఒకసారి దవాఖానలో ఆయన మంచం పక్కన కూర్చుని, "మామా, ఆ రోజు హోటల్ల…" అని మొదలుపెట్టాను కూడా. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, ఇంటికి పోయి పడుకోరాదూ, అలిసిపోయినవు అన్నాడు. నిజంగానే లేచి వచ్చేశాను. ఆ వారమే ఆయన పోయాడు.

మా చెలక ఇప్పుడు ఎయిర్‌పోర్టు గోడ లోపల ఉంది, వాసాలు పాతిన చోటేదో నేను కూడా చూపించలేను. జల్‌పల్లితో మ్యాచ్ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తులేదు. ఆ హోటల్ లేదు, చిన్నాయన లేడు, నిజమేనా అని అడిగిన ముసలాయన ఎప్పుడో పోయాడు. ఊళ్లో మామ పేరెత్తితే పాతవాళ్లు ఒకరిద్దరు ఇప్పటికీ, మంచోడే గానీ జల్‌పల్లి మీద ఒక్కటీ గెలవలేదు అంటారు. ఆ చివరి మూడు గోల్స్ ఎవరివో తెలిసినవాళ్లు ఇద్దరమే ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.