ముప్పై రెండు వంపులు

మా అత్తమ్మ తొందరపడి మాట ఇచ్చే మనిషి కాదు. ఇచ్చిందంటే మాత్రం దాన్ని వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు. రెండువేల ఏడు ప్రాంతంలో ఒక సోమవారం పొద్దున్నే నిడమనూరు దగ్గరి తన ఊరి నుంచి బయల్దేరి, మిర్యాలగూడలో బస్సు మారి, సూర్యాపేటలో మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకముందే సంగతి చెప్పేసింది.

"మా చర్చికి పదహారు బెంచీలు గావాలె. మా అల్లుడు చేస్తడని సంఘంల చెప్పిన. క్రిస్మస్ ముందటి ఆదివారం వరకు పడాలె."

అప్పటిదాకా వాళ్ల చర్చిలో అందరూ చాపల మీదే కూర్చునేవాళ్లు. జీవితమంతా బురదలో వంగి నాట్లు వేసిన ఆడవాళ్లు వాళ్లు. ముసలితనం రాకముందే మోకాళ్లు అరిగిపోయాయి. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరిని ఇద్దరేసి పట్టుకుని లేపాల్సి వచ్చేది. కుర్చీలు వేద్దామని సంఘం పెద్దలు అనుకుని, మిర్యాలగూడ నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పిద్దామన్నారు. మా అత్తమ్మ అడ్డం పడింది. ప్లాస్టిక్ కుర్చీ మీద చెయ్యి నొక్కి లేవబోతే అది వెనక్కి జారిపోతుంది, అంతకుముందు ఒక పెళ్లిలో ఆమె అలాగే పడింది. చెయ్యి ఆనించుకోవడానికి గట్టి కట్టె ఉండాలని ఆమె వాదన. అది సరే, నీ అల్లుడికి అంత పని వచ్చా అని ఒక పెద్దాయన అడిగాడట. ఆయన అనుమానంలో తప్పులేదు. మా ఇంట్లో తాతముత్తాతల నుంచి ఎవరికీ వడ్రంగం లేదు. నేను సూర్యాపేటలో సా మిల్లుకు చెక్కలు మోయడానికి పోయి, అక్కడే చూసి చూసి పని నేర్చుకున్నవాణ్ని.

"ఏమన్నవ్ అత్తమ్మా మరి?" అని అడిగాను.

"ఒక్క బెంచి వంకరపోయినా నేను సచ్చేదాక చాప మీదనే కూసుంట అన్న," అని చల్లగా చెప్పి, మంచినీళ్లు అడిగింది.

ఆమె అన్నదంటే చేస్తుంది. ఆ మోకాళ్లతో చాప మీద కూర్చోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆమె నా పని గురించి మంచి గానీ చెడు గానీ ఒక్క మాట అని ఎరగదు. అలాంటిది నలుగురిలో నా తరఫున నిలబడింది. నాకు సంతోషంతో పాటు కాస్త భయం కూడా వేసింది.

బెంచీకి అసలు పని పక్క చెక్కల్లో ఉంటుంది. ఒక్కో బెంచీకి రెండు, మొత్తం ముప్పై రెండు. వెనక వీపు ఆనడానికి ఒక వంపు, ముందు చెయ్యి ఆనించడానికి ఇంకో వంపు. అత్తమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె అరచెయ్యి ఎంత ఎత్తున నొక్కితే లేవగలదో కొలిచి, వేప చెక్క మీద పెన్సిలుతో ఆ వంపు గీశాను. రంపంతో, ఆకురాయితో రెండు రోజులు కూర్చుని మొదటి చెక్క తయారుచేశాను. ఇప్పటికీ చెబుతాను, అంత అందమైన గీత నా చేతి నుంచి మళ్లీ రాలేదు.

మిగతావాటి కోసం అప్పుడే జిగ్‌సా మిషన్ కొన్నాను. సన్నని బ్లేడు కిందికీ పైకీ ఆడుతూ ఎటు తిప్పితే అటు కోసుకుపోతుంది. చేతి రంపంతో పూట పట్టే పని అందులో పావుగంట. కాకపోతే కరెంటు కోతల రోజులవి. ఉన్నప్పుడే కోసుకోవాలి. ఒక చెక్క కోసి పక్కన పెట్టడం, దాన్నే ఇంకో పలక మీద పెట్టి చుట్టూ గీయడం, కోయడం, మళ్లీ ఆ కొత్తదాన్ని ఇంకోదాని మీద పెట్టడం. చేతికి దగ్గరగా ఏది ఉంటే అది. మూడు రోజుల్లో మిగతా ముప్పై ఒకటీ కోసేశాను. నా వేగం చూసి నాకే ముచ్చటేసింది.

నాలుగో రోజు మొదటి బెంచి బిగించాను. ఒక పక్క నేను చేత్తో చేసిన మొదటి చెక్క, ఇంకో పక్క చివరగా కోసిన చెక్క. బెంచి మీద పెన్సిలు పెట్టాను. అది నింపాదిగా దొర్లుకుంటూ పోయి కింద పడింది. నేల వంకర అనుకుని బెంచీని తిప్పి వేశాను. ఈసారి పెన్సిలు అటువైపు పోయింది.

మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. వరండాలో ఆమె మిషన్, వాకిట్లో నా మిషన్. ఆమె కత్తెర పక్కన పెట్టి వచ్చి, మొదటి చెక్కనీ చివరి చెక్కనీ పక్కపక్కన నిలబెట్టమంది. నిలబెట్టాను. చివరిది బొటనవేలి మందం పెద్దగా ఉంది. వంపు కూడా ఉబ్బిపోయింది.

"దేన్ని సూసి దేన్ని గీసినవ్?" అంది.

చెప్పాను. నవ్వడం మొదలుపెట్టింది. పెన్సిలు గీత ఎప్పుడూ చెక్క అంచుకు కాస్త బయటే పడుతుంది. ఒకసారికి అది కంటికి ఆనదు. ముప్పై ఒక్కసార్లు ఒకదాన్ని చూసి ఒకటి గీసుకుంటూ పోతే, తల్లి ఎవరో బిడ్డ ఎవరో తెలియకుండా పెరుగుతూ పోయింది.

"పది జాకెట్లు కుట్టాలంటే ఒక్క ఆది జాకెట్టు పెట్టుకుంటం. పదిటికీ అదే. కుట్టిన కొత్తదాన్ని తీసి ఇంకోదానికి ఆది పెడితే, పదోది ఎవలకు పడతది? గిదన్న తెల్వదా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. జాకెట్లకూ చెక్కలకూ పోలికేంటని అరిచి, అన్నం తినకుండా అలిగి పడుకున్నాను. సాయంత్రానికి ఆకలేసి లేచాను. ఆమె మూతి బిగబట్టి నవ్వు ఆపుకుంటూ పళ్లెం పెట్టింది. ఆమె చెప్పిందే నిజమని అప్పటికే నాకు అర్థమైంది. దాన్ని ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో రోజు పట్టింది.

సా మిల్లులో నాకు రందాతో చెక్క చిత్రిక పట్టడం నేర్పిన మేస్త్రీ అప్పటికి కోదాడలో సొంత షాపు పెట్టుకున్నాడు. రెండు చెక్కలు గోనెసంచిలో చుట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. ఆయన వాటిని తిప్పి చూసి, "ఫర్మా చేసుకోకుండా దిగావా పనిలోకి?" అన్నాడు. ఫర్మా అంటే అచ్చు చెక్క. అన్నిటికీ ఒక్కటే కొలత, దాన్ని బెంచీలో వాడరు, అచ్చుగానే ఉంచుతారు. మా ఆవిడ చెప్పిన ఆది జాకెట్టే అది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

"నీ అదృష్టం బాగుందిలే. అన్నీ పెద్దవే అయ్యాయి. చిన్నవైపోయి ఉంటే పొయ్యిలోకే," అన్నాడు. చెక్క అంచులు చెక్కే రౌటర్ మిషన్ ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. దాని బిట్టుకు, అంటే గిర్రున తిరిగే బ్లేడుకు, కింద చిన్న బేరింగ్ ఉంది. ఫర్మాను చెక్కకు బిగించి మిషన్ నడిపితే, బేరింగ్ ఫర్మా అంచును తాకుతూ పోతుంది, పైకి మిగిలిన చెక్కనంతా బ్లేడు గీకేస్తుంది. పని అయ్యేదాకా దాన్ని తీసుకుపొమ్మన్నాడు. ఎటునుంచి ఎటు నడపాలో రెండుసార్లు చూపించి, ఉల్టాగా నడిపితే ఎగిరి మీదికొస్తుంది జాగ్రత్త అన్నాడు.

ఇంటికొచ్చి బిగించిన బెంచి విప్పేశాను. మొదటి చెక్కను చూసి ప్లైవుడ్ మీద ఫర్మా కోసి, అంచును గరుకు కాగితంతో గంటలకొద్దీ రుద్దాను. ఎందుకంటే ఫర్మాలో ఒక్క గుంట ఉన్నా ముప్పై రెండింటిలోనూ అదే గుంట పడుతుంది. ఆ అంచు మీద మా ఆవిడ కళ్లు మూసుకుని వేలితో రాసి, రెండుచోట్ల ఆపింది. ఆ రెండుచోట్లా నిజంగానే ఎత్తు ఉంది. ఈసారి అలగలేదు. మళ్లీ రుద్దాను.

తర్వాత ఒక్కో చెక్కకూ ఫర్మా కొట్టి, ముందు జిగ్‌సాతో కాస్త ఎడంగా కోసి, మిగిలిన మందాన్ని రౌటర్‌తో తీశాను. ఒకసారి ఉల్టాగానే నడిపాను, మిషన్ గుర్రంలా ఎగిరింది, నేను తులసికోట దాకా వెనక్కి పరిగెత్తాను. అది పక్కింటి వాళ్ల తులసికోట. వాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతారు. వేప పొట్టు మా ఆవిడ కుట్టే జాకెట్ల మీదంతా పడి, నెల రోజులు గిరాకీలు దులుపుకుంటూనే ఉన్నారు.

అనుకున్న ఆదివారానికి ముందురోజు బెంచీలను వ్యానులో ఎక్కించి తీసుకుపోయాం. ఆడవాళ్ల వైపు ఎనిమిది, మగవాళ్ల వైపు ఎనిమిది వేశాం. మర్నాడు పొద్దున జనం వచ్చారు గానీ ఒక్కరూ కూర్చోలేదు. పాలిష్ ఖరాబవుతుందన్నట్టు గోడల వెంట నిలబడ్డారు. నా పని మీద అనుమానపడ్డ పెద్దాయన కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

మా అత్తమ్మ నింపాదిగా ముందుకు నడిచింది. మొదటి బెంచి పక్కన నిలబడి, ఒక కన్ను మూసి, వరుస పొడుగునా చూసింది. పొలంలో నాటు వరస చూసినట్టే చూసింది. అన్నీ ఒక్కతీరుగా ఉంటే అక్కణ్నుంచి మొదటి వంపు ఒక్కటే కనబడుతుంది, మిగతావన్నీ దాని వెనక దాక్కుంటాయి. ఆమె అవతలి వైపుకూ పోయి అలాగే చూసింది.

"సాలు తప్పలే," అని అందరికీ వినబడేలా చెప్పి, కూర్చుంది. ఆమె వెనకే ఆడవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. ఆ పెద్దాయన కూడా నవ్వుకుంటూ పోయి కూర్చున్నాడు.

"నువ్వేంది గాడ నిలబడ్డవ్? రా, నా పక్కన కూసో," అంది నన్ను చూసి.

"అది ఆడోళ్ల దిక్కు గదా అత్తమ్మా."

"అయితే ఏంది? సేసింది నువ్వే గదా, కూసో."

పాస్టరయ్య నవ్వి సరే అన్నట్టు తలూపాడు. అలా ఆ ఆదివారం ఆడవాళ్ల వరుసలో, మా అత్తమ్మ పక్కన కూర్చున్నాను. ప్రసంగం ఏమిటని ఇప్పుడు అడిగితే చెప్పలేను. నా మనసు నిండిపోయింది, చెవుల్లోకి ఏదీ పోలేదు. చివరి ప్రార్థనకు అందరూ లేస్తుంటే నేను అలవాటుగా ఆమెకు చెయ్యి అందించాను. ఆమె నా చెయ్యి పక్కకు నెట్టి, వంపు మీద అరచెయ్యి ఆనించి, తనంతట తాను లేచి నిలబడింది.

"నీ చెయ్యెందుకు కొడుకా," అంది మెల్లగా. "బెంచి ఉంది గదా."