లీవు వేకెన్సీ మేడం

నారాయణఖేడ్‌లో యూనివర్సిటీ వాళ్లు పెట్టిన పీజీ సెంటర్‌కు పోయి దీవెన మేడం ఎవరని అడిగితే చెప్రాసీ కూడా కాసేపు బుర్ర గోక్కునేవాడు. లీవు వేకెన్సీ మేడం అంటే మాత్రం టక్కున గది చూపించేవాడు. తెలుగు శాఖకు ఉన్నది ఒకే ఒక్క ప్రొఫెసరు, సంగమేశ్వర్ సారు. ఆయన సెలవులో ఉన్నంతకాలం ఆయన క్లాసులు దీవెన చెప్పాలి. ఆయన తిరిగొచ్చి సంతకం పెట్టిన రోజు ఆమె ఇంటిదారి పట్టాలి. ఆమె ఆర్డరులో రాసి ఉన్నది అంతే.

సంగమేశ్వర్ సారు సెలవు మనిషి కావడమే దీవెనకు బతుకుదెరువైంది. మొదట పుస్తకం రాస్తానని స్టడీ లీవు పెట్టాడు. ఆ పుస్తకాన్ని ఇంతవరకు కళ్లతో చూసినవాళ్లు లేరు. తర్వాత నడుం నొప్పని సిక్ లీవు. ఆ నొప్పితోనే హైదరాబాద్‌లో కొడుకు పెట్టిన కోచింగ్ సెంటర్లో పొద్దంతా నిలబడి పాఠాలు చెప్పాడట, ఏం మందు తిన్నాడో. ఏటా ఎండాకాలం సెలవులకు ముందు మాత్రం తప్పకుండా వచ్చి జాయినయ్యేవాడు. కాలేజీ మూసి ఉన్నన్నాళ్ల జీతం పట్టుకుని, తెరవగానే మళ్లీ లీవు పెట్టేవాడు. ఆ ఎండాకాలమంతా దీవెన తల్లి హన్నమ్మతో కలిసి కంగ్టి వైపు పత్తి చేలల్లో కట్టె పీకేది. పీహెచ్‌డీ చేసిన చేతులని పత్తికట్టెకేం తెలుసు.

అట్లా ఏళ్లు గడిచాయి. దీవెనకు తల నెరిసింది, సారుకు రిటైర్మెంటు వచ్చింది. లీవులో ఉండగా రిటైరైతే పెన్షన్ కాగితాల్లో తిరకాసు వస్తుందని ఎవరో చెప్పారు. దాంతో సారు ఒక రోజు ముందుగా కారులో దిగి సంతకం గీకాడు. ఆ సంతకంతో దీవెన ఉద్యోగం ఆగిపోయింది. ఆమె డస్టరు తెచ్చి ఆఫీసులో ఇస్తుంటే ప్రిన్సిపాల్ నర్సింగ్ ఆపాడు.

"పరేషాన్ గాకు దీవెనా. రేపటితోని సారు పోతడు, కుర్చీ ఖాళీ అయితది. ఇగ లీవు వేకెన్సీ కాదు, అసలు వేకెన్సీ. రేపు యూనివర్సిటీకెల్లి రిజిస్ట్రార్ సాబ్ వస్తుండు. నీ పేరు నేను చెప్త. సన్మాన పత్రం నువ్వే రాయి, నువ్వే చదువు. నీ తెలుగు ఆయన చెవుల పడాలె."

ఆ సెంటర్లో ఎవరు రిటైరైనా సన్మాన పత్రం రాసేది దీవెనే. పత్రమంటే ఊరికే రాస్తే కాదు, దానికో మర్యాద ఉంది. ప్రతి పేరా ఒక పిలుపుతో మొదలవ్వాలి. లెక్కల సారును 'ఓ గణిత గగన భాస్కరా' అన్నది ఆమే. పిల్లల మీద చేయి చేసుకునే ఇంకో సారును 'ఓ కరుణాసాగరా' అన్నదీ ఆమే. చివరికి దాన్ని అద్దాల ఫ్రేములో బిగించి చేతిలో పెడితే, రిటైరైన మనిషి ఇంటి గోడకు కొట్టుకుంటాడు. అందులో నిజం ఎంతుందని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకుంది. 'ఓ విద్యావారిధీ' అని రాసింది. ఆ తర్వాత కలం కదల్లేదు. గుణాల గురించి ఏమైనా పొగడవచ్చు, సేవ గురించి ఒక పేరా ఉండి తీరాలి. క్లాసుకే రాని మనిషి ఏం సేవ చేశాడని రాయాలి? లేనిది కల్పించడం ఆమెకు చేతకాలేదు. అందుకని ఆ కుర్చీలో జరిగిన పనినే రాసింది. పిల్లలను వెంటబెట్టుకుని నాగల్‌గిద్ద కంది చేలల్లో ముసలమ్మలు తెలుగూ కన్నడమూ కలిపి పాడే పాటలు సేకరించడం. బోరంచ జాతరలో నల్లపోచమ్మ గుడి ముందు బోనాల పాటలు రికార్డు చేయడం. ఫీజు కట్టలేక బొంబాయికి కూలికి పోయిన పిల్లలను, ఇళ్లకు పోయి తల్లిదండ్రులను బతిమాలి వెనక్కి తేవడం. అన్నీ జరిగినవే, చేసింది తను. అన్నీ సారు ఖాతాలో వేసింది. రిజిస్ట్రార్ మెచ్చుకుంటే నర్సింగ్ సారు ఇదంతా దీవెన పనేనని చెప్పకపోతాడా అనుకుంది. పిచ్చిది.

పక్కగదిలో హన్నమ్మ అప్పటికే ప్రార్థన కూటంవాళ్లకు చెప్పేసింది, బిడ్డకు పర్మనెంట్ అయితుందని.

మర్నాడు షామియానా కింద శాలువాలు, దండలు, మైకు. దీవెన పత్రం చదివింది. నాగల్‌గిద్ద దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో కూర్చున్న క్రిస్టీనా తలెత్తింది. ఆ పాటలు రికార్డు చేసినప్పుడు ఫోను పట్టుకుని నిలబడ్డ పిల్ల ఆమె. పక్కనున్నవాళ్లను చూసింది. వాళ్లూ ఆమెను చూశారు.

రిజిస్ట్రార్ కరిగిపోయాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మైకు అందుకున్నాడు.

"ఇరవై ఏండ్ల నా సర్వీసుల ఇసొంటి టీచర్‌ను చూడలే. గీ మారుమూల ఇంత సేవ చేసిన మనిషిని ఇంటికి తోలితే తప్పు మనదైతది. సంగమేశ్వర్ సార్‌కు ఇంకో రెండేండ్లు రీ-ఎంప్లాయ్‌మెంట్ ఇప్పిస్త. ఆయన కుర్చీ ఆయనదే."

చప్పట్లు మోగాయి. దీవెన నర్సింగ్ వైపు చూసింది. ఆయనకు అప్పుడే చెప్పుల మీద దుమ్ము కనిపించింది. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఏమిటో దీవెనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆమెకు సారు మీద కూడా అంత కోపం రాలేదు. తన తెలుగు మీద వచ్చింది.

దండలు తీసి పక్కన పెట్టి సంగమేశ్వర్ సారు ఆమె దగ్గరికి వచ్చాడు, వెనకాలే రిజిస్ట్రార్.

"బాగ రాసినవ్ దీవెనా. గా నాగల్‌గిద్ద పాటలు ఏడున్నయ్? సాబ్ వినాలంటుండు."

"మీరే పాడించిండ్రు గద సార్," అంది దీవెన. "మీ దగ్గర్నే ఉంటయ్."

కాస్తయినా సిగ్గుపడతాడనుకుంది. సారు తొణకలేదు.

"అవునవును, హైదరాబాద్ ఇంట్ల ఉన్నయ్ సాబ్. తీస్కొస్త," అని రిజిస్ట్రార్‌ను భోజనాల వైపు నడిపించాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సోకు కుట్టి తొడిగింది కూడా సొమ్ము గలామే.

జనం భోజనాలకు లేచాక ఆమె నర్సింగ్‌ను పట్టుకుంది.

"సార్ మల్ల లీవు పెడితే నన్ను పిలుస్తరా సార్?"

"రీ-ఎంప్లాయ్‌మెంటోళ్లకు లీవులు ఉండయ్ దీవెనా," అన్నాడు నర్సింగ్, ఆమె ముఖంలోకి చూడకుండా. "లీవే లేకుంటే లీవు వేకెన్సీ ఎక్కడిది? అన్నం తిని పో."

ఆమె తినకుండానే పోయింది. హన్నమ్మకు ఏం చెప్పిందో గానీ, ఆ ఆదివారం ప్రార్థన కూటంలో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వానలు పడ్డాక ఒకరోజు దీవెన పత్తి చేనులో కలుపు తీస్తుంటే క్రిస్టీనా ఫోన్ చేసింది.

"మేడం, సార్ వస్తలేడు. సన్మానం అయినకెల్లి ఒక్క క్లాసు గూడ కాలే. పరీక్షలకు ఏం రాయాల్నో సమజైతలేదు."

దీవెన కొడవలి పట్టినట్టు ఫోను గట్టిగా పట్టుకుంది. ఆశ అంత తొందరగా చచ్చే జీవి కాదు.

"లీవు పెట్టిండేమో ఆఫీసుల అడిగినవా?"

"అడిగిన మేడం. లీవుల లేడంట. రిజిస్టర్ల రోజు డ్యూటీలనే ఉన్నడంట."