రేడియేటరులో పోసిన పసుపు

నా చిన్నప్పుడు బెంగళూరు చిక్కపేట వెనక మా వీధిలో కారున్న ఇల్లు మాదొక్కటే. అలా చెబితే మేమేదో కలవారమని అనుకునేరు. మా నాన్నకు ఉన్నది గుండీలు, లేసులు అమ్మే చిన్న అంగడి. ఆ కారు ఆయన చేతికి వచ్చేటప్పటికే రెండు మూడు ఇళ్ళు తిరిగి వచ్చింది. బూడిద రంగు వెలిసిపోయి, ఒక తలుపు లోపలి నుంచి మాత్రమే తెరుచుకునేది. అయినా మా నాన్నకు దాన్ని చూస్తే ఎక్కడలేని మురిపెం.

ఆదివారం వచ్చిందంటే పంచె ఎగగట్టి బానెట్ ఎత్తేవాడు. పెట్రోలు ట్యాంకు ఎక్కడైనా చెమ్మగిల్లితే బట్టల సబ్బు ముక్క తెచ్చి ఆ చోట గట్టిగా రుద్ది మూసేవాడు. బ్యాటరీ మొనల మీద ఉప్పులా తెల్లగా పేరుకుంటే వేన్నీళ్ళు పోసి కడిగి వేజలీన్ పూసేవాడు. ఎండాకాలం ఇంజను వేడెక్కి పెట్రోలు అందక బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ చుట్టి మమ్మల్నందరినీ చెట్టు నీడన కూర్చోబెట్టేవాడు. వానలో వైపరు మొరాయిస్తే కోసిన బంగాళాదుంప ముక్కతో అద్దం రుద్దేవాడు. నీళ్ళు చుక్కలు కట్టకుండా పలచగా జారిపోయేవి. అవన్నీ నిజంగానే పనిచేసేవి, అదే ఆయనకు ధైర్యం. "గ్యారేజీకి ఇచ్చినామంటే ఒక మర బిగించి రెండు వదులు చేసి పంపిస్తారప్పా" అని వీధిలో వాళ్ళకు చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవారు. మా నాన్న ఆ నవ్వును మెచ్చుకోలుగానే తీసుకునేవాడు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. తండ్రి లేడు. వాళ్ళమ్మ జాకెట్లు కుట్టేది, దారాలకీ గుండీలకీ మా అంగడికే వచ్చేది. అక్క మా నాన్నను మామా అని పిలిచేది. సొంత మేనమామ ఒకాయన ఎక్కడో ఉన్నా, ఏదో తగువు వల్ల రాకపోకలు తెగిపోయాయి. అక్క నాకు జడ వేసేది, లెక్కలు చెప్పేది, తిట్టవలసి వస్తే మా అమ్మ కన్నా గట్టిగా తిట్టేది. ఆమెకు ఆనేకల్లులో సంబంధం కుదిరింది. పెళ్ళి కూడా మగపెళ్ళివారి ఊళ్ళోనే, వాళ్ళు మాట్లాడిన సత్రంలో.

బంధువులంతా వ్యానులో పోవాలని, పెళ్ళికూతురికి మాత్రం ఒక టాక్సీ పిలవాలని అక్క పెదనాన్న అన్నాడు. మా నాన్నకు ఆ మాట నచ్చలేదు. "టాక్సీ ఎందుకన్నా? మా కారు ఉండాది. పాపను నేను దించుతా, రాణి మాదిరి" అన్నాడు. నలుగురిలో అన్న మాట అది. పెదనాన్న కారు వైపు ఒకసారి చూసి సరేనన్నాడు.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం చూస్తే కారు కింద నేల తడిగా ఉంది. ఇంజనును చల్లగా ఉంచే నీళ్ళు రేడియేటరులో నిలవడం లేదు, ఎక్కడో సన్నని చిల్లు పడింది. గ్యారేజీకి చూపించరాదా అని మా అమ్మ అడిగింది. మా నాన్న వంటింట్లోకి వెళ్ళి పసుపు డబ్బా తెచ్చుకున్నాడు. రేడియేటరు నీళ్ళలో పసుపు కలిపితే ఆ పొడి చిల్లు దగ్గర చేరి గట్టిపడి మూసేస్తుంది. చిన్న చిల్లులకు అది పాత చిట్కా. చెంచాడు చాలు. పెళ్ళి పనికదా, గట్టిగా ఉండాలని ఆయన గుప్పెట్లతో పోశాడు. కారడం ఆగిపోయింది. సాయంత్రం దాకా నేల పొడిగా ఉండడం చూసి మా అమ్మను పిలిచి మరీ చూపించాడు. అంత పసుపు సన్నని గొట్టాల్లో పేరుకుని నీళ్ళు తిరగనివ్వదని ఆయనకు తట్టలేదు.

మరునాడు పొద్దున్నే వ్యాను ముందు వెళ్ళిపోయింది. మా అమ్మా, అక్క వాళ్ళమ్మా అందులోనే వెళ్ళారు. కారులో మా నాన్న, వెనక అక్క, వాళ్ళవ్వ, మధ్యలో నేను. అక్క కట్టుకున్నది లేత గులాబీ రంగు పట్టుచీర. వాళ్ళమ్మ చిక్కపేటంతా తిరిగి ఏరుకున్న చీర అది. మా నాన్న తెల్ల చొక్కా, జరీ పంచె కట్టుకున్నాడు. ఆయన అంత శుభ్రంగా స్టీరింగు ముందు కూర్చోవడం నేను చూడడం అదే మొదలు.

ఊరు దాటి హోసూరు రోడ్డు మీద కొంత దూరం వచ్చాక బానెట్ అంచుల నుంచి తెల్లగా ఆవిరి రావడం మొదలైంది. మా నాన్న అప్పటిదాకా తీస్తున్న కూనిరాగం ఆపేశాడు. కారు పక్కకు తీసి, "ఏమీ లేదు పాపా, నీళ్ళు తాగిస్తే సరి" అని దిగాడు. ఉక్కపోతకు మేమూ దిగాము. దగ్గరలో ఒక టీ అంగడి ఉంటే ఆయన అక్కడికి పరుగెత్తి నీళ్ళు తెచ్చాడు. ఇంజను కాస్త చల్లారే దాకా ఆగాలని ఆయనకు తెలుసు. నాకే ఎన్నోసార్లు చెప్పాడు ఆ మాట.

ఆగేవాడే. కానీ సరిగ్గా అప్పుడే బెంగళూరు నుంచి వస్తున్న మగపెళ్ళివారి బంధువుల వ్యాను మమ్మల్ని చూసి ఆగింది. అందులోంచి ఒక్కొక్కరే దిగారు. ఒక పెద్దాయన గడియారం చూసుకుని, "ముహూర్తం దగ్గరపడతా ఉండాది, పెళ్ళికూతుర్ని మా బండిలో ఎక్కించండప్పా" అన్నాడు. మా నాన్న ముఖం ఎర్రబడింది. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ తువ్వాలు మడిచి రేడియేటరు మూత మీద పెట్టి తిప్పేశాడు.

బుస్సుమని నీళ్ళు పైకి లేచాయి. పసుపుపచ్చటి నీళ్ళు. ఆయన ముంజేతి మీద, తెల్ల చొక్కా మీద, బానెట్ మీద పడ్డాయి. నాలుగడుగుల అవతల నిలబడ్డ అక్క చీర మీద కుచ్చిళ్ళ దగ్గరి నుంచి పవిట దాకా చిందాయి. అంత దూరం వచ్చేసరికి చల్లారాయి కాబట్టి ఆమెకు కాలలేదు. మా నాన్న చెయ్యి మాత్రం కమిలిపోయింది. ఆయన దాన్ని చూసుకోలేదు. చీర వైపే చూస్తూ, మూత చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

ఎవరో ఆడమనిషి, "పెళ్ళిపూట ఇదేం అపశకునమమ్మా" అంది. వెనక నుంచి కుర్రవాళ్ళు కిసుక్కుమన్నారు. నేను అవ్వ వెనక్కి వెళ్ళి ఆమె కొంగులో ముఖం దాచుకున్నాను. మా నాన్నను నలుగురూ అలా చూడడం నేను ఎరగను. ఆయన అక్కడ లేకుండా పోతే బాగుండుననిపించింది, నేను లేకుండా పోయినా బాగుండుననిపించింది. ఆ సిగ్గు నా చెవుల్లో వేడిగా కొట్టుకుంది. ఈ వయసులో కూడా ఆ నిమిషం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

అక్క చీర మీద వేలు రాసి వాసన చూసింది.

"పసుపా మామా?"

మా నాన్న తల ఎత్తకుండానే ఊపాడు.

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందనే నేననుకున్నాను. తరువాత గట్టిగా, అందరికీ వినబడేలా, "చూసినావా అవ్వా! ముత్తైదువులు చల్లాల్సిన పసుపునీళ్ళు మా మామ కారే ముందుగా చల్లేసింది" అంది. అవ్వ చురుకైన మనిషి, వెంటనే అందుకుంది. "ఇంక దిష్టి యాడిదే నీకు? పసుపు పడినాక అంతా శుభమే" అని తన చేత్తో అక్క చెంపలకు ఆ పసుపే కాస్త రాసింది. అపశకునం అన్న ఆవిడ కూడా నవ్వింది.

పెద్దాయన మళ్ళీ వ్యానెక్కమన్నాడు. అక్క వద్దంది. "మామ తెస్తాడు. మీరు ఒక క్యాను నీళ్ళిచ్చి పదండి" అంది.

ఇంజను పూర్తిగా చల్లారాక మా నాన్న నీళ్ళు పోశాడు. మూత బిగించకుండా వదులుగా పెట్టి, నెమ్మదిగా నడిపాడు. సూది ఎర్ర గీత దగ్గరికి పోగానే ఆపడం, చల్లారాక క్యానులో నీళ్ళు పోయడం, మళ్ళీ కదలడం. ఇంకాసేపట్లో ముహూర్తమనగా సత్రం ముందు దించాడు. వాళ్ళమ్మ ఎదురొచ్చి చీర చూసి గుమ్మంలోనే కూలబడింది. అక్క ఆమెను లేపి లోపలికి తీసుకుపోయింది. మా నాన్న కారును సత్రం వెనక్కి తోలుకుపోయాడు.

లోపల కథ అప్పటికే పాకిపోయింది. పెళ్ళికూతురికి కారే మంగళస్నానం చేయించిందంటూ పందిట్లో ఒకరికొకరు చెప్పుకుని నవ్వుతున్నారు. నేను మా అమ్మ పక్కన తల వంచుకుని కూర్చున్నాను. కాసేపటికి అమ్మ నాన్నను పిలుచుకు రమ్మంది. వెనక్కి వెళ్ళి చూస్తే ఆయన కారు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. "ఈ మొగం పెట్టుకోని నేను లోపలికి యాడ రాను, నువ్వు పో" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉండడం చూసి నేను అక్కడ నిలబడలేక వచ్చేశాను.

అక్కను ముస్తాబు చేస్తున్న గదిలోకి వెళ్ళాను. ముహూర్తం చీర కట్టేశారు, బాసికం కడుతున్నారు. పెళ్ళికూతుర్ని పీటల దాకా నడిపించవలసింది మేనమామ. ఆయన లేడు కనుక పెదనాన్న తలపాగా చుట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు. అక్క నన్ను అద్దంలో చూసింది.

"అమ్మీ, మామ ఏడీ?"

"కారు కాడ ఉండాడు. రాడంట" అని నేను ఏడ్చేశాను.

ఓదారుస్తుందనుకున్నాను. ఆమె పెదనాన్న వైపు తిరిగింది. "ఇక్కడిదాకా తెచ్చింది మామ గదా పెదనాయనా. పీటల కాడికి కూడా ఆయప్పే తేవాల" అంది. పెదనాన్న ఏదో అనబోయాడు. మొదట టాక్సీ మాట అన్నది ఆయనే. అనడానికి ఆయన దగ్గర చాలానే ఉండి ఉంటుంది. ఆమె ముఖం చూసి, తలపాగా తీసి నా చేతిలో పెట్టాడు. "పో, మీ నాయనకు ఇచ్చి బిరీన పిల్చకరా."

నేను పరుగెత్తాను. ఎవరో తగువు పెట్టుకోవడానికి పిలుస్తున్నారని మా నాన్న అనుకున్నట్టున్నాడు, భయంగా లేచాడు. అక్క చెప్పిన మాట చెప్పాను. ఆయన తలపాగా అందుకోబోయి తన చేతులు చూసుకున్నాడు. తరువాత కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. గోళ్ళలో నలుపు పోలేదు. చొక్కా మీద పచ్చదనం ఎలాగూ పోదు.

గది గుమ్మంలో ఆయన తలపాగా పెట్టుకుని, చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. "పాపా, చేతులు బాగలేవు" అన్నాడు. అక్క ముందుకొచ్చి కాలని చెయ్యి వెతికి పట్టుకుంది. "ఆలస్యమవుతా ఉండాది, పా మామా" అంది, అంతే.

పందిట్లో వాళ్ళు లేచి దారి ఇచ్చారు. రోడ్డు మీద కిసుక్కుమన్న కుర్రవాళ్ళూ లేచారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. సిగ్గు అలాగే ఉంది, ఎటూ పోలేదు. అయినా ఆమె అడుగుకు తన అడుగు కలిపి, కుచ్చిళ్ళు తొక్కుకోకుండా చూస్తూ, ఎంతో జాగ్రత్తగా నడిచాడు. ఆ నడకలో ఆయనకొక పని ఉంది. నలుగురి కళ్ళను లెక్కచేసే తీరిక ఇవ్వని పని.

ఆ తరువాత అంతా తియ్యగా జరిగిందని చెప్పను. మరక పూర్తిగా వదలలేదు. అక్క వాళ్ళమ్మ చాలా రోజులు మాతో ముభావంగానే ఉంది, అందులో ఆమె తప్పేమీ లేదు. మా నాన్న తానే కారును గ్యారేజీకి తోలుకుపోయి రేడియేటరు శుభ్రం చేయించాడు. చిట్కాలు మానలేదు గానీ, ఇంకొకరిని ఎక్కించుకునే ముందు మాత్రం తెలిసినవాళ్ళకు చూపించేవాడు.

నేనిప్పుడు వైట్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆ మధ్య మా అల్లుడికి ఉద్యోగం పోయింది. చుట్టాలొచ్చిన రోజు ఆయన గదిలోంచి బయటికి రాలేదు. పరవాలేదు, ఇంకొకటి దొరుకుతుందని అందరూ తలుపు దగ్గర నిలబడి చెబుతున్నారు. అలాంటి మాటలు వింటే తల ఇంకా కిందికి పోతుందని నాకు తెలుసు. వాళ్ళంతా హాల్లోకి వెళ్ళి కూర్చున్నాక తలుపు తట్టి, "వచ్చినవాళ్ళకు కాఫీ పెట్టాలప్పా. నా మోకాళ్ళు సహకరించడం లేదు, కొంచెం వస్తావా?" అన్నాను. లోపల మంచం కిర్రుమంది. తరువాత గడియ తీశాడు. చక్కెర ఎందరికి, ఎవరికి వద్దు అని అడుగుతూ నా వెనకే వంటింట్లోకి వచ్చాడు.